లాగ్‌బుక్కు చివరి పేజీ

బర్కాల సముద్రాన్ని తాగే నీళ్ళు చేసే కాడ
పద్నాలుగేండ్లు పని చేసిన.
ఉప్పు ఒక దిక్కు, నీళ్ళు ఒక దిక్కు,
నడుమ కంటికి ఆనని పొర.
పొరకు ఇవతల ఎంత ఒత్తిడి, అవతల ఎంత,
గంటకోసారి రాసుడే నా నౌకరి.

ఆ రాత్రి రెండో పంపు కాడ
వీపుల ఎవరో గుడ్డ చింపినట్టయింది.
నొప్పి అనరాదు దాన్ని,
చప్పుడు అనాలె.
షోజిబ్ నన్ను పికప్ వెనుక పండబెట్టి
మస్కట్ దాకా హారన్ మీది చెయ్యి తియ్యలేదట.

గుండెలకెల్లి దిగే పెద్ద నెత్తురు గొట్టం
లోపలి పొర చిరిగిందన్నరు.
డాక్టర్ ఖల్ఫాన్ కాగితం మీద బొమ్మ గీసిండు,
నాకు గొట్టాలు తెలుసని ఆయనకు తెల్వదు.
ఒళ్ళు చల్లబరుస్తం, నెత్తురు ఆపుతం,
చిరిగిన కాడ గుడ్డగొట్టం కుడతం.
లైన్ బంద్ చేసి జాయింటు మార్చుడు, అంతే.
తలూపిన.
ఒక్కటి అడగబుద్ధయింది, నోరు రాలేదు:
లైన్ బంద్ చేస్తే
దిగువనున్నోళ్ళకు నీళ్ళెట్ల?

దిగువన రెండు కిడ్నీలున్నయి.
ముప్పై ఒక్క నిమిషాలు
వాటికి చుక్క పోలేదు.

మూడో దినం కండ్లు తెరిస్తే
మంచం పక్కన గీతలు గీతల సంచి.
కొట్టాయం జెస్సమ్మ సిస్టర్
గంటకోసారి వంగి చూసి రాస్తున్నది.
ఎనిమిది. ఆరు. ఆరు. సున్న.
ఆ వంగుడు నాకెరుకే.
అది నా పని.
ఇప్పుడు నేను పంపును.

మెడల గొట్టాలు పెట్టి మిషనుకు కట్టిన్రు.
దాంట్ల ఒక తెల్ల సిలిండరు, వెంట్రుకలసొంటి దారాలు.
పేరు చదివిన.
మా ప్లాంటుకు పొరలు పంపే కంపెనీ కాదు.
ఎందుకో జరంత బాధైంది.

పదకొండు దినాలు.
పన్నెండో పొద్దున జెస్సమ్మ సంచిని వెలుగుకు పట్టి
"లింబాద్రీ, నలభై!" అన్నది,
లాటరీ తగిలినట్టు.

గుడ్డగొట్టం మంచిగనే ఉన్నది.
ఏడాదికోసారి ఫోటో తీస్తరు, కుట్టు కదల్లే.
ఛాతీ మీది గీత చూసినోళ్ళంత
గుండె ఎట్లుందనే అడుగుతరు.
క్రియాటినిన్ సంగతి ఎవ్వరడగరు.
అంతకు ముందు సున్న పాయింట్ తొమ్మిది.
రూముకు పంపిన నాడు ఒకటి పాయింట్ ఏడు.
ఇంక దిగుతదనుకున్న, ఒకటిన్నర కాడ ఆగింది.
నాలుగేండ్లకు రెండు పాయింట్ ఒకటి.
నొప్పి లేదు, వాపు లేదు,
కాగితం తప్ప సాక్షి లేడు.
డాక్టరమ్మ బుథైనా కండ్లద్దాలు తీసి
"ఐదేండ్లు లాగొచ్చు, పదిహేను లాగొచ్చు, చెప్పలేను.
బీపీ చూసుకో. నొప్పి గోలీలు ముట్టకు" అన్నది.

పూడిన పొరను మేం ఆసిడ్‌తోని కడుగుతం.
మళ్ళ నీళ్ళొస్తయి. ఇంజనీరు సంతకం పెడతడు.
కొత్తనాటి లెక్క మాత్రం రాదు.
అంకె కింద ఎర్ర గీత గీసి
పని నడిపిస్తం.

ఇప్పుడు నన్ను స్టోర్ల కూసోబెట్టిన్రు,
నెలకు నలభై రియాళ్ళు కోత.
ఫోన్ల "తగ్గింది" అంటే
మా లసుమక్క "రోగమా, జీతమా?" అంటది.
షోజిబ్ ఖర్జూరాలు నాలుగు తెస్తడు.
ఒకటి తిని మూడు వాపసిస్త.
తిట్టుకుంట ఆ మూడు తానే తింటడు.

పాత లాగ్‌బుక్కు ఒకటి దాచుకున్న.
చివరి పేజీల రెండు వరసలు:
తాగింది, పోసింది.
రాత్రి రెండింటికి లేస్త.
కిటికీల ప్లాంటు లైట్లు,
నేను లేకున్నా రెండో పంపు అదే గొంతు.
బాత్‌రూంల కొలత డబ్బాను కంటికి ఎదురుగ పట్టి
గీత చూస్త,
రాస్త: రెండు వందల పది.
పక్కన సంతకం గూడ పెడత,
అలవాటు.